నేవీ బాబాయి పేరు వీధికి పెట్టేముందు ఆయన పుస్తకం ఒకసారి చూడండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

తమిళనాడు మునిసిపల్ పరిపాలన శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. చెన్నై వేళచ్చేరిలో మా వీధికి మా నేవీ బాబాయి పేరు పెట్టమని మా అసోసియేషన్ వాళ్ళు మీకు అర్జీ పంపారు, సంతకాలు పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. పేరు పెడితే సంతోషమే. కానీ ఆ అర్జీలో రాయని సంగతి ఒకటుంది, వరదొస్తే ఎవరిని ఎక్కణ్ణించి ఎత్తాలో ఆయన రాయించిన పుస్తకం, నాకైతే బోర్డు కంటే అదే ముఖ్యం, అందుకే విడిగా రాస్తున్నాను. తమిళంలో రాసిన కాపీ మీ ఆఫీసుకి పోస్టులో వస్తుంది. ఇది తెలుగులో ఎందుకంటారా, చెన్నైలో నీళ్ళొచ్చే పల్లపు పేటలు చాలావాటిలో మావాళ్ళున్నారు, వాళ్ళు కూడా చదవాలని.

ముందు ఆయనెవరో చెప్పాలి. సొంతూరు శ్రీకాకుళం జిల్లాలో సముద్రపొడ్డున. 1966లో, మీసం కూడా సరిగ్గా రాని వయసులో నేవీలో చేరారు. 1971 యుద్ధం నాటికి విమానాలు మోసే ఓడ ఐఎన్ఎస్ విక్రాంత్‌లో స్టోకర్, బాయిలర్ రూమ్‌లో పని. ఆ ఓడకు అప్పటికే ఒక బాయిలర్ పగిలి ఉంది, మిగిలిన మూడింటితోనే యుద్ధానికి వెళ్ళింది. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ విశాఖపట్నం దగ్గర మునిగింది, డిసెంబర్ 4న విక్రాంత్ మీంచి లేచిన సీ హాక్ విమానాలు కాక్స్ బజార్ మీద, చిట్టగాంగ్ మీద బాంబులు వేశాయి, ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. బాబాయి మాత్రం ఆ యుద్ధంలో ఒక్క విమానం లేవడం కూడా కళ్ళారా చూడలేదు. ఓడ అడుగున, ఆ వేడిలో, ప్రెషర్ గేజ్ ముందు నిలబడి ఉండేవారట. పైన డెక్ మీద విమానాన్ని విసిరే కాటపల్ట్ ఆవిరితో పనిచేస్తుంది కాబట్టి, గేజ్‌లో ముల్లు గభాల్న కిందికి పడిందంటే పైన ఒకటి లేచిందని లెక్క. "మేం ముల్లు చూసి యుద్ధం చేసినోళ్ళం అమ్మడూ" అనేవారు నాతో. ఆ యుద్ధానికి ఇచ్చిన పూర్వీ స్టార్ మెడల్‌ని రేషన్ కార్డుతో పాటు ఒకే కవర్లో పెట్టి బీరువాలో దాచుకున్నారు.

చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యాక అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ అటెండెంట్‌గా చాలా ఏళ్ళు చేశారు. వేళచ్చేరిలో స్థలాలు చవగ్గా ఉన్న రోజుల్లో ఇల్లు కట్టుకున్నారు. చవగ్గా ఎందుకు దొరికిందో తర్వాత అందరికీ తెలిసొచ్చిందనుకోండి. చెవులు మాత్రం బాయిలర్ రూమ్‌లోనే వదిలేసి వచ్చారు, అందుకని మాట్లాడితే మూడు వీధులకు వినిపించేది. తెలుగువాళ్ళం బాబాయి అనేవాళ్ళం, తమిళ పిల్లలకు ఆయన నేవీ తాత.

మెత్తటి మనిషి, అందరికీ ఇష్టుడు అని రాస్తే అబద్ధం అవుతుంది. వీధిలో సగం మందికి ఆయనంటే భయం, పావు మందికి చిరాకు. వాన నీటి కాలువ మూత మీద కారు పెడితే యజమాని పెద్ద ఉద్యోగి అయినా సరే గేటు ముందు నిలబడి "పగిలిన బాయిలర్‌తో యుద్ధానికెళ్ళాం మేం, నీ కారు రెండడుగులు జరపడానికి నీకేటి నొప్పి?" అని అరిచేవారు. ఇల్లు కట్టేవాళ్ళు ఇసకా కంకరా కాలువలోకి జారనిస్తే ఆ ఇసకని ఆయనే పారతో ఎత్తి వాళ్ళ గుమ్మంలో పోసి వచ్చేవారు. దాని మీద పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళిన గొడవ కూడా ఉంది. ఒకసారి ఒక కాంట్రాక్టర్ మనిషి, మాస్కు లేదు బెల్టు లేదు, ఒక కుర్రాణ్ణి మ్యాన్‌హోల్‌లోకి దిగమంటుంటే బాబాయి వెళ్ళి ఆ మూత మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మనుషుల్ని అలా దించకూడదని 2013లో వచ్చిన చట్టం జిరాక్స్ ఆయన జేబులో ఉండేది. ఆ కుర్రాడు మా తెలుగు పిల్లాడే, ఇక్కడ పారిశుధ్య పనిలో మావాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలియంది కాదు. మిషన్ వచ్చేదాకా, అంటే సాయంత్రం దాకా, ఆయన లేవలేదు. పిన్ని గారు అన్నం అక్కడికే తెచ్చిపెట్టారు.

ఇప్పుడు అసలు విషయం, పుస్తకం.

2015 డిసెంబర్ 1 రాత్రి మీకూ గుర్తుండే ఉంటుంది. చెంబరంబాక్కం చెరువు నీళ్ళు వదిలారు, అడయారు నది పొంగింది, ఊరంతా మునిగింది. మా వేళచ్చేరిది ఇంకో తంటా. పై చెరువుల నీళ్ళన్నీ మా మీంచే వీరాంగల్ ఓడై అనే వాగు పట్టుకుని పళ్ళికరణై చిత్తడిలోకి వెళ్ళాలి, అక్కణ్ణించి ఒక్కియం మడువు దాటి బకింగ్‌హాం కాలువలో పడి ముట్టుకాడు దగ్గర సముద్రంలో కలవాలి. ఆ చిత్తడి నేల ఒకప్పుడున్నదాంట్లో పదో వంతుకు కుదించుకుపోయిందని అంటారు, 2022లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రాంసార్ జాబితాలో చేర్చింది 1,247 హెక్టార్లు. అంటే నీళ్ళు వెళ్ళే చోటు మూసుకుపోయి మా ఇళ్ళల్లో ఆగుతాయి. ఆ రాత్రి కరెంటు పోయింది, ఆ తర్వాత ఫోన్లు పోయాయి. మా పక్క వీధిలో ఒక ముసలి దంపతులు గ్రౌండ్ ఫ్లోర్‌లో మంచం మీద నిలబడి, నడుం లోతు నీళ్ళలో తెల్లవార్లూ ఉండిపోయారు. పై అంతస్తులో ఖాళీ ఉంది, మనుషులున్నారు, నిచ్చెన ఉంది. కింద ఇంట్లోకి ఎవరో అద్దెకి దిగారన్న సంగతే పైవాళ్ళకు తెలియదు, పాపం వాళ్ళు వచ్చి వారమే. పొద్దున్న వాళ్ళని తలుపు విరగ్గొట్టి తెచ్చింది బాబాయే. ఇద్దరూ బతికారు. కానీ ఆయన ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు, ఆయన మాట్లాడకపోవడం మేం చూడటం అదే మొదలు.

నీళ్ళు తగ్గాక రెండు క్వైర్ల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని మా ఇంటికి వచ్చారు. ఆయనకు తమిళం మాట్లాడ్డం వచ్చు, రాయడం రాదు. నేను ఇక్కడే పుట్టి ఇక్కడే చదువుకున్నాను కాబట్టి రాసే పని నాకు పడింది. "ఓడలో ఏ ప్రమాదమొచ్చినా ముందు మస్టర్ తీస్తాం, అంటే మనుషుల లెక్క. ఎవడు ఏ కంపార్ట్‌మెంట్‌లో ఉన్నాడో తెలీకపోతే పంపు పెట్టి ఏటి లాభం? ఈ వీధికి మస్టర్ లేదు" అన్నారు. అప్పట్నించీ ఏటా ఈశాన్య రుతుపవనాలకు ముందు, దసరా లోపల, ఇద్దరం గుమ్మం గుమ్మం తిరిగేవాళ్ళం. ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. ఎంతమంది ఉంటారు, మెట్లెక్కలేనివాళ్ళెవరు, మంచం పట్టినవాళ్ళుంటే ఏ గదిలో, తల ఎటువైపు పెట్టి పడుకుంటారు (చీకట్లో నీళ్ళలోకి వెళ్ళి ఎత్తేవాడికి అది కావాలి అనేవారు), ఇన్సులిన్ ఎవరికి, డయాలసిస్ ఏ రోజుల్లో, నెలలు నిండేది ఎవరికి, ఎప్పుడు, మెయిన్ స్విచ్ ఎక్కడ, రెండో తాళం చెవి ఎవరి దగ్గర, పై అంతస్తులో ఎవరింట్లో ఎంతమందికి చోటు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు. అన్నీ పెన్సిల్‌తో, ఎందుకంటే అద్దెవాళ్ళు మారుతుంటారు, చెరిపి రాయాలి. మూలన ఉన్న పీజీలో బీహారు పిల్లలు, ఒరిస్సా పిల్లలు ఎంతమంది ఉన్నారో ఆ పీజీ ఓనరుకంటే మా పుస్తకానికే బాగా తెలుసు.

ఈ వివరాలు చెప్పడానికి మొదట్లో జనం ఒప్పుకోలేదు. తాళం చెవి సంగతి ఎవరైనా చెప్తారా చెప్పండి? అందుకని ఒక పద్ధతి పెట్టారు. పుస్తకం ప్లాస్టిక్ కవర్లో సీలు వేసి ఉంటుంది, సీలు మీద మూడిళ్ళ వాళ్ళ సంతకాలు, రెడ్ అలర్ట్ వస్తే తప్ప విప్పకూడదు, విప్పితే ఎవరు విప్పారో ఎందుకు విప్పారో వెనక పేజీలో రాయాలి. ఆయన తన సొంత తమ్ముడికి కూడా అందులో పేజీ చూపించలేదు.

వాళ్ళింటి కాంపౌండ్ గోడ మీద, ఓడ ముందుభాగాన ఉంటాయే లోతు గుర్తులు, అలాంటివే తెల్లపెయింటుతో వేయించారు. నీళ్ళు ఒకటో గీత ముడితే స్కూటర్లు మెట్ల మీదికి. రెండో గీతకు గ్రౌండ్ ఫ్లోర్ మెయిన్లన్నీ ఆఫ్. మూడో గీత వచ్చిందంటే కింద మనిషన్నవాడు ఉండకూడదు, సామాన్ల మాటెత్తితే తిట్లే. అలర్ట్ రాత్రుల్లో నాలుగేసి గంటల చొప్పున కుర్రాళ్ళకు కాపలా వాచ్‌లు వేసేవారు, అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా మాత్రం ఎప్పుడూ ఆయనే. ఆ టైము ఎవరికీ ఇష్టం ఉండదు కదా.

తాడు గురించి కూడా చెప్పనివ్వండి. ఆదివారాలు పిల్లల్ని కూర్చోబెట్టి బోలైన్ ముడి నేర్పేవారు. మనిషి చంకల కింద వేసి ఎంత లాగినా ఉచ్చు బిగుసుకోదు, ఊపిరి ఆడుతుంది, పని అయ్యాక ఒక్క వేలితో వదులవుతుంది. కళ్ళు మూసుకుని వేయాలి, తర్వాత బక్కెట్లో చేతులు ముంచి నీళ్ళలోనే వేయాలి, తర్వాత ఒంటి చేత్తో. సరిగ్గా వేస్తే పల్లీ చిక్కీ. తప్పు వేస్తే "ఏటిరా ఇది, మీ తాతని ఉరేస్తావా?" మా అబ్బాయి ఇంజినీరింగ్ సబ్జెక్టులు ఎన్ని మర్చిపోయాడో గానీ ఆ ముడి మర్చిపోలేదు.

2023లో మిచాంగ్ తుపాను మా మీద కురిసింది డిసెంబర్ 3, 4 తేదీల్లో. 4వ తేదీ నేవీ డే. ఏటా ఆ రోజు ఆయన బ్లేజర్ వేసుకుని, కవర్లోంచి మెడల్ తీసి పెట్టుకుని, బీచ్ రోడ్డులో వార్ మెమోరియల్‌కి వెళ్ళి వచ్చేవారు. ఆ ఏడాది లుంగీ పైకి కట్టి, ఛాతీ లోతు నీళ్ళలో, డెబ్భై నాలుగేళ్ళ మనిషి, పుస్తకం నెత్తిన పెట్టుకుని వీధి మొగలో నిలబడ్డారు. ఎయిర్‌పోర్టు మూసేశారు, ఫోన్ టవర్లు పనిచేయలేదు, మళ్ళీ అదే కథ. మధ్యాహ్నం రెస్క్యూ బోటు ఒకటి వచ్చింది. బోటు వాళ్ళకు ఊరు తెలియదు, బాల్కనీల్లోంచి అందరూ ఒకేసారి పిలుస్తున్నారు, గట్టిగా అరిచినవాడి దగ్గరికే ముందు వెళ్ళేలా ఉన్నారు. బాబాయి ఆ బోటుని చేత్తో పట్టుకుని ఆపి, ముందు ఫలానా నంబరు ఇల్లు, డయాలసిస్ రేపటిది, తర్వాత ఎదురు సందులో ఎనిమిదో నెల అమ్మాయి, ఆ తర్వాత చివరింట్లో పక్షవాతం తాతగారు, కుడివైపు గది, తల తలుపు వైపు, అని చదువుతూ పోయారు. బోటులో పెద్దాయన ఒక్కసారి ఈయన మొహం చూసి "సర్వీసా?" అని అడిగాడు. "నేవీ" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు, సాయంత్రం దాకా బోటు ఆయన చెప్పిన వరసలోనే తిరిగింది. మా వీధుల్లో ఆసుపత్రికి చేరాల్సినవాళ్ళు ఒక్కరు కూడా ఆగిపోలేదు.

ఆ వానలు వెలిశాక ఈ పుస్తకం పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్ళాం. ఏ ఆఫీసన్నది అనవసరం, అక్కడున్న యువ అధికారి మర్యాదగా కూర్చోబెట్టాడు, కాఫీ ఇప్పించాడు, చాలా బాగుంది సార్ దీన్ని యాప్‌లో ఎక్కిద్దాం అన్నాడు. టవర్ పోతే మీ యాప్ తెరుచుకుంటుందా అని బాబాయి అడిగారు. ఆయన గొంతు ఎలాంటిదో చెప్పాను కదా, ఆఫీసంతా తిరిగి చూసింది. ఆ అధికారి తర్వాత బదిలీ అయ్యాడు, యాప్‌కీ పుస్తకానికీ మధ్య విషయం అలాగే ఉండిపోయింది.

మొన్న వేసవిలో, డెబ్భై ఆరేళ్ళకు, నిద్రలో పోయారు. సైరన్లూ బ్యూగిళ్ళూ ఏమీ లేవు. ఎక్స్ సర్వీస్‌మెన్ స్నేహితులు పూలచక్రం తెచ్చారు, కాలువ పనివాళ్ళు డ్యూటీ యూనిఫాంలోనే వచ్చారు, ఇసక గుమ్మంలో పోయించుకున్న ఆ ఇంటాయన పాడె మోశాడు. ఎవరో ప్రేమకొద్దీ జాతీయ జెండా తెస్తే ఆయన కొడుకు చేతులు జోడించి వద్దన్నాడు. ప్రభుత్వ లాంఛనాలతోనో సైనిక లాంఛనాలతోనో జరిగే అంత్యక్రియలకు తప్ప జెండా కప్పకూడదని ఫ్లాగ్ కోడ్‌లో ఉంది, రూలు తప్పితే నాన్న లేచి తిడతాడు అన్నాడు. ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు.

మంత్రి గారూ, మీరు వీధికి పేరు పెట్టండి, వద్దనను. కానీ బోర్డు ఒక్కటే పెట్టి ఫోటో దిగి వెళ్ళిపోతే మాకు ఒరిగేదేం లేదు. నేనడిగేది ఇది. నీళ్ళు నిలిచే ప్రతి వీధిలో ఇలాంటి పుస్తకం ఒకటి ఉండాలి, కాగితం మీద, ఆ వీధిలోనే కాపురముండే మనిషి దగ్గర, ఏటా అక్టోబర్ లోపల సరిచూసి. యాప్ కూడా పెట్టుకోండి, నష్టం లేదు, కానీ రెస్క్యూకి వచ్చేవాళ్ళ చేతికి ముందు అందాల్సింది ఆ పేజీ. అందులో ఉండేవి జనం ఆరోగ్యం సంగతులు, తాళం చెవుల సంగతులు కాబట్టి సీలు పద్ధతికి మీరు ఒక ఆర్డరు ఇస్తే చాలు, విప్పినవాడు రాసి సంతకం పెట్టాలి అని. పార్టీ కార్యకర్తల చేతికి మాత్రం వెళ్ళకూడదు, ఏ పార్టీ అయినా సరే, ఇది మొహమాటం లేకుండా చెబుతున్నాను. ఓటర్ల లిస్టులా వాడటం మొదలుపెడితే మర్నాటి నుంచి ఒక్కరూ నిజం చెప్పరు.

మనుషులెక్కడ దొరుకుతారు అంటారేమో. ఈ ఊళ్ళో రిటైరైన సైనికులు, నావికులు, ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు పేటపేటకీ ఉన్నారు, చాలామంది పొద్దున్న వాకింగ్ అయ్యాక పేపరు రెండుసార్లు చదువుకుంటూ కూర్చుంటున్నారు. విపత్తుల్లో సాయపడే వాలంటీర్లకు శిక్షణ ఇవ్వడానికి కేంద్రం ఆపదా మిత్ర అని ఒక స్కీము పెట్టింది, దేశంలో 350 జిల్లాల్లో లక్ష మందిని తయారుచేయాలని పెట్టుకున్నారు. మీరు ఈ పెద్దవాళ్ళని పిలిచి వార్డు వార్డుకీ ఒకరిని అడగండి, వాళ్ళకింద కుర్రాళ్ళకు ఆ శిక్షణ ఇప్పించండి. జీతం అడగరు. అధికారం చూపిస్తారు, అరుస్తారు, అది మీరు భరించాలి, మేం భరించాం.

తాడు, లైఫ్ జాకెట్లు, ట్యూబులు పెట్టడానికి వీధికొక ఇనప పెట్టె కావాలి. ఇప్పుడు అవన్నీ పిన్ని గారి మెట్ల కింద ఉన్నాయి, ఆవిడ ఇల్లు అమ్మి కొడుకు దగ్గరికి బెంగుళూరు వెళ్ళే మాటల్లో ఉన్నారు. కొత్తగా కొనేవాళ్ళు కాంపౌండ్ గోడకు రంగు వేయిస్తే ఆ తెల్ల గీతలు కూడా పోతాయి, కనీసం వీధి మొగలో కరెంటు స్తంభం మీద మళ్ళీ వేయించడానికి పర్మిషన్ ఇప్పించండి. పెయింటు మేమే కొనుక్కుంటాం.

పుస్తకం ప్రస్తుతం నా దగ్గర ఉంది. ఈ ఏడాది పేజీలు ఇంకా సగమే సరిచూశాం, మా అబ్బాయీ, పీజీలో ఇద్దరు ఒరియా పిల్లలూ సాయంత్రాలు నాతో తిరుగుతున్నారు. బాబాయి అరిస్తే తెరుచుకునే తలుపులు మేం నాలుగుసార్లు కొట్టినా తెరుచుకోవడం లేదు, అదొక్కటే ఇబ్బంది. మీ డిపార్ట్‌మెంట్ నుంచి ఐడీ కార్డు వేసుకున్న మనిషి ఒకరు మాతో వస్తే పని తేలికవుతుంది. అక్టోబర్ లోపల పంపించండి. సాయంత్రం ఆరు దాటాక అయితే అందరూ ఇళ్ళల్లో ఉంటారు. వచ్చేవాళ్ళు కారులో వస్తే కాలువ మూత మీద పెట్టొద్దని మాత్రం చెప్పండి.

ఇట్లు,
వేళచ్చేరి నుంచి, ఆ పుస్తకం రాసిపెట్టే మనిషి